చక్రానికి పెట్టిన బొట్టు

జడ అల్లడం పన్నెండు మందికీ వచ్చు. విప్పడం మాత్రం ఒక్కరికీ రాదు. పండుగ రేపనగా ఎమ్మిగనూరు మగ్గాల వీధి కోలాటం జట్టుకు వచ్చిపడిన చిక్కు ఇది.

జడ కోలాటం చూసేవాళ్ళకు వేడుకే. పైన దూలానికి ఇనుప కడియం, దానికి పన్నెండు రంగుల తాళ్ళు. తలా ఒక తాడు ఎడమచేత పట్టుకుని, కుడిచేతి కోలతో ఎదుటివాళ్ళ కోలను తట్టుతూ, ఆరుగురు ఇటు నుంచి, ఆరుగురు అటు నుంచి గుండ్రంగా తిరుగుతారు. ఒకరిని దాటేటప్పుడు లోపలగా పోతే, తర్వాతి మనిషిని దాటేటప్పుడు బయటగా పోవాలి. అలా తిరిగేకొద్దీ పైన తాళ్ళు అల్లుకుని నున్నటి జడ కిందికి దిగుతుంది. జనం చప్పట్లు కొడతారు. అసలు పని అక్కడి నుంచే మొదలు. పాట మారగానే వెనక్కి తిరిగి, అడుగు ఆపకుండా, ఆ జడను విప్పి పన్నెండు తాళ్ళను మళ్ళీ విడివిడిగా చేయాలి.

ఆ మలుపు దగ్గరే జట్టు బోర్లా పడుతోంది. తిరిగి రెండు చుట్లు వేయకముందే జడ పక్కన ఇంకో జడ పడి, తాళ్ళు పొట్టివైపోయి, ఆడవాళ్ళందరూ తలలు ఢీకొట్టుకునేంత దగ్గరికి వచ్చేసేవాళ్ళు.

నేర్పిన గురువు గోవిందన్న. అల్లడం నేర్పి, "విప్పేది పై వారం" అని కోల చంకన పెట్టుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మూడు నెలల నుంచి మంచం మీదే ఉన్నాడు. జట్టుకు పెద్ద హులిగమ్మ మాత్రం చౌడమ్మ పండుగలో గోవిందన్న పేరు మీద పన్నెండు తాళ్ళ జడ ఆడతామని మైకులో చెప్పించేసింది. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చి ముందు వరసలో ఉంచుతామని కూడా చెప్పింది. ఇప్పుడు ఆయన కళ్ళ ముందే జడ చిక్కుపడితే?

"ఆ మనిసి ముందర సిక్కు ఎయ్యడం కంటే తాళ్ళు దింపేసి ఉత్త కోలాటం ఆడుకోవడం మేలు" అంది మంజుల. జట్టులో నోరు ఎక్కువ ఆమెకే.

"తాళ్ళు దించేది ల్యా" అంది హులిగమ్మ. "ఆయప్ప పేరు సెప్పి మల్లా ఉత్త సేతుల్తో పోయేదా?"

హులిగమ్మ కోడలు మహాదేవి ఏమీ అనలేదు. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. తుగ్గలి పక్క పల్లె నుంచి ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలు. పుట్టింట్లో అందరూ కూలికి పోయేవాళ్ళే, మగ్గం ముఖం ఎరుగరు. ఇక్కడికి వచ్చాక అత్త పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ రాట్నం తిప్పడం, కండెలు చుట్టడం నేర్చుకుంది. చూడటం ఒక్కటే ఆమె చదువు. తాళ్ళలో ఆరోది, నీలం రంగుది ఆమెది.

శనివారం పొద్దున గోవిందన్న భార్య పార్వతమ్మ కొంగులో ఏదో దాచుకుని వచ్చింది. చూస్తే ప్లాస్టిక్ కవరులో ఒక డిస్కు.

"పెట్టె సదురుతాంటే దొరికింది, హులిగమ్మా. ఎప్పుడో ఆయప్ప యాడో దూరం ఊళ్ళో పాత జట్టుకు నేర్పినప్పుడు ఆదోని కెమెరా ఆయప్ప తీసింది. మొదటి నుంచి తుది దాకా ఉండాది. విప్పేది గూడా ఉండాది."

ఒక్కసారిగా వీధంతా లేచి నిలబడినట్టయింది. పన్నెండు మందీ మాట్లాడారు. వినేవాళ్ళు లేరు. ఫోనులో చూద్దామంటే గోవిందన్న జడ ఫోనులో లేదు. అందులో దొరికినవన్నీ వేరే ఊళ్ళవి, ఎనిమిది తాళ్ళవి, అడుగు వేరు, పాట వేరు. మంజుల డిస్కు పట్టుకుని నెట్ సెంటరుకు పరుగు తీసి, అంతే వేగంగా వెనక్కి వచ్చింది.

"ఇప్పటి కంప్యూటర్లకు ఈ పళ్ళెం పెట్టే నోరే ఉండదంట! ఇంట్లో పాత మిషను ఉంటే సూసుకోమన్నాడు."

పాత మిషన్లను వీధిలో అందరూ ఎప్పుడో పాత ఇనుము వాడికి వేసి ప్లాస్టిక్ బకెట్లు తీసుకున్నారు. ఒక్క హులిగమ్మ ఇంట్లో మాత్రం, మగ్గం గదిలో, పెట్టె టీవీ పక్కన డీవీడీ ప్లేయర్ తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. హులిగమ్మ దేన్నీ పారేసే మనిషి కాదు.

తీగలు తగిలించి స్విచ్ వేస్తే ముందు పచ్చ దీపం వెలిగింది. "ఉండాది! పేణం ఉండాది!" అని అరిచారు. బటన్ నొక్కితే లోపల ఏదో జుయ్యిమంది. ట్రే మాత్రం బయటికి రాలేదు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ జుయ్యి. మహాదేవి భర్త రాఘవేంద్ర మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చి, కత్తి మొనతో ట్రే అంచు లాగబోయాడు.

"వద్దు" అంది మహాదేవి.

అంత గట్టిగా ఆమె గొంతు ఎవరూ వినలేదు. రాఘవేంద్ర చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మోటరు తిరుగుతాండాది. పళ్ళెం రాలే. నడమ తాడు సడిలింటాది."

"దీంట్లో తాడు యాడుండాది?" అన్నాడు రాఘవేంద్ర.

మహాదేవి ప్లగ్గు పీకించి మూత ఎత్తింది. మూత స్క్రూలు ఎప్పుడో పోయాయి, అది ఊరికే వచ్చేసింది. లోపల ముందరి పక్కన రెండు చిన్న చక్రాలు, వాటికి చుట్టి సన్నటి నల్ల రబ్బరు తాడు. అచ్చం రాట్నమే. పెద్ద చక్రం, చిన్న కదురు, నడుమ తాడు. వేలితో నొక్కితే తాడు వడలిన పొట్లకాయలా వంగింది. పాతబడి సాగిపోయి, పట్టు లేక జారుతోంది.

ఆమె ఆ తాడును సూదితో తప్పించి, టీ కోసం పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో వేసింది. హులిగమ్మ నోరు తెరిచింది.

"ఏమ్మే, దాన్ని ఉడికిస్తావా?"

"రబ్బరు ఏడికి ముడుసుకుంటాది, అత్తా. మా నాయన సైకిలు బ్రేకు రబ్బర్లు ఇట్లే సేస్తాండె."

"సూడండమ్మా, మా కోడలు టీ లేక రబ్బరు సారు పెడతాండాది!" అంది మంజుల. నవ్వులు. ఆ నవ్వుల మధ్యే మహాదేవి తాడును తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ చక్రాలకు తొడిగింది. స్విచ్ వేసి బటన్ నొక్కింది. ట్రే నాలుక చాపినట్టు గబుక్కున బయటికి వచ్చింది. ఎవరో కోలలు కూడా తట్టారు. డిస్కు పెట్టారు. ట్రే లోపలికి పోయింది. అందరూ టీవీ ముందు కిక్కిరిసి కూర్చున్నారు. నీలం తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

"నో డిస్క్" అని చదివాడు రాఘవేంద్ర.

"లేదంటే ఎట్ల? మింగింది గదా, మేమందరం సూస్తిమి గదా!" అని హులిగమ్మ మిషన్ మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. అది మళ్ళీ అదే మాట చెప్పింది.

పది గంటల బస్సుకు అత్తాకోడళ్ళు ఆదోని బయలుదేరారు. ప్లేయర్‌ను తువ్వాలులో చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది హులిగమ్మ. పక్క సీటు ఆమె "ఎన్నో నెల?" అని అడిగితే, "దీనికి పదహారేండ్లు" అంది. మహాదేవి కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

ఆదోని బస్టాండు వెనక సందులో తిరుపాల్ అనే మెకానిక్ ఉన్నాడు. ఒకప్పుడు టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసిన చెయ్యి. ఇప్పుడు ఫోన్ల అద్దాలు మారుస్తున్నాడు. మూత ఎత్తగానే ముఖం వికసించింది.

"అరె, ఇట్లాంటిది సూసి ఎన్ని దినాలాయె!"

ఆయన లోపలికి ఊదాడు. దూది పోగులు పొగలా లేచాయి. సన్నటి పుల్లకు దూది చుట్టి, ఏదో మందులో ముంచి, ట్రే కింద ఉన్న చిన్న గాజు చుక్కను తుడిచాడు. "ఇదే లెన్సు. దీని కన్ను. ఈ ఎర్ర వెలుతురు సీడీ మీద పడి బొమ్మను సదువుతాది. కరెంటు ఉన్నప్పుడు దీనికి ఎదురుగా మీ కన్ను పెట్టగాకండమ్మా, సూపుకు మంచిది గాదు" అని చెప్పి డిస్కు పెట్టాడు. పక్క నుంచి చూస్తే లెన్సు దగ్గర ఎర్రటి మెరుపు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ కదిలింది. డిస్కు తిరగడం మొదలుపెట్టింది, వేగం అందుకుంది, ఎందుకో తడబడింది, ఆగిపోయింది. నో డిస్క్.

"లెన్సు పోయింది" అన్నాడు తిరుపాల్. "మార్సాల. నా కాడ ల్యా. కర్నూల్లో గూడా దొరకదు ఇప్పుడు."

"వ్యార మిషనన్నా ఉంటే ఇయ్యప్పా, ఒక్క గంట సాలు" అంది హులిగమ్మ.

"ఉండేటివన్నీ పీకి పార్టులకు వాడేసినా, అమ్మా."

హులిగమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. మహాదేవి మాత్రం ఆగిపోయిన డిస్కునే చూస్తోంది. ఏదో ఒకటి ఆమెకు సరిపోలేదు. అడగాలంటే సిగ్గు. అడగకపోతే బస్సు వెళ్ళిపోతుంది.

"అన్నా, కన్ను పోతే సీడీ తిరగడం మొదలుపెడతాదా?"

తిరుపాల్ తల ఎత్తి ఆమెను చూశాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. "ల్యా. శానా మిషన్లలో ముందు కన్నుకు సీడీ కనపడితేనే తిప్పుతాది. కనపడకుంటే ఊరికే ఉంటాది."

"ఇది తిప్పె గదా."

"తిప్పె" అన్నాడు తిరుపాల్ నెమ్మదిగా. "అంటే కనపడతాండాది. తిరిగేకొద్దీ దాని ఎంబడి పోలేకపోతాండాది." ఇంతలో ఇద్దరు పిల్లగాళ్ళు పగిలిన ఫోను పట్టుకుని తోసుకుంటూ వచ్చారు. ఆయన దూది చుట్టిన పుల్లలు రెండు ఆమె చేతిలో పెట్టాడు. "తీసుకుపో సెల్లీ. నీకు ఓపిక ఉన్నట్టుండాది, నువ్వే సూడు."

తిరుగు బస్సులో హులిగమ్మ తువ్వాలు మూట మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. కోడలికి మాత్రం లోపల ఏదో పొంగుతోంది. కనపడుతోంది. ఎంబడి పోలేకపోతోంది. కన్ను మంచిదైతే తప్పు డిస్కుది కావచ్చు, లేదా తిరిగేదానిది. ఆ మాట పట్టుకుని ఆమె ఎమ్మిగనూరు దాకా వచ్చింది.

ఆదివారం పొద్దున్నే ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి, మగ్గం గదిలో కిటికీ వెలుతురు పడే చోట ప్లేయర్‌ను పీట మీద పెట్టుకుని కూర్చుంది. ముందు దూది పని. మగ్గం గదిలో గాలే నూలు. ఏండ్ల తరబడి ఎగిరిన పోగులు ప్లేయర్ లోపల మూలమూలలా బూజులా పేరుకున్నాయి. రంగులేసే మెత్తటి కుంచెతో ఒక్కొక్క మూలా దులిపింది. స్విచ్ వేసింది. డిస్కు పెట్టింది. నో డిస్క్.

అప్పటికే మంజుల వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె వెనక పార్వతమ్మ, ఇంకో నలుగురు.

"నాలుగు గంటలకు ఆట. ఇప్పుడు ఎనిమిది. తాళ్ళు దించుదామా, అక్కా?" అంది.

మహాదేవి మూత తీసి ఉంచే మళ్ళీ స్విచ్ వేసి, నేల మీద ఒక పక్కకు పడుకుని, ఎర్ర వెలుతురు కంట పడకుండా, తిరిగే డిస్కు అంచు గీతలా కనిపించేంత కిందికి తల వంచింది. కండె చుట్టేటప్పుడు దారం ఊగితే ఆమె రాట్నాన్ని అలాగే చూస్తుంది. పై నుంచి చూస్తే ప్రతి చక్రమూ బాగానే తిరుగుతున్నట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తేనే దాని గుట్టు తెలుస్తుంది.

డిస్కు తిరిగింది. దాని అంచు నిలవడం లేదు. ఒకపక్క లేస్తోంది, ఒకపక్క పడుతోంది. లేస్తోంది, పడుతోంది.

"ఊగుతాండాది!" అని అరిచి లేచి కూర్చుంది మహాదేవి. "అత్తా! సీడీ ఊగుతాండాది! కన్నుది గాదు తప్పు. ఆసనం వంకరుండాది!"

ప్లగ్గు పీకింది. డిస్కు తీసింది. డిస్కు కూర్చునే నల్లటి చిన్న చక్రం, దాని చుట్టూ రబ్బరు పట్టీ. పట్టీ మీద ఒకచోట బూడిద రంగు గడ్డ ఒకటి దూదిలో కప్పుకుని, ఎండిన పుండు పెచ్చులా అతుక్కుని ఉంది. చూసినవాళ్ళెవరైనా అది మిషన్‌లో భాగమే అనుకుంటారు. మహాదేవి గోటితో గీకింది. బూడిద రంగు కింద ఎరుపు కనపడింది. ఎరుపు కింద పసుపు. దాని కింద మళ్ళీ ఎరుపు. ఆమె వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. గంధం వాసన.

 గదిలో అందరూ ఒకేసారి హులిగమ్మ వైపు తిరిగారు.

"ఏంది, నన్ను సూస్తారు?" అంది హులిగమ్మ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మహర్నవమి రోజు ఆ ఇంట్లో తిరిగే ప్రతిదానికీ బొట్టు పడాలి. మగ్గానికి, రాట్నానికి, కుట్టుమిషనుకు, మిక్సీకి, మోటరు సైకిలుకు. ఏదైనా మరిచిపోతే ఆ ఏడాది అది మొరాయిస్తుందని హులిగమ్మ నమ్మకం. దసరాకు దసరాకు ఆమె ప్లేయర్ మూత ఎత్తి, సందులోంచి ఉంగరపు వేలు దూర్చి, "ఇది గూడా తిరిగేదే గదా" అని ఆ చిన్న చక్రానికి గంధం, పసుపు, కుంకుమ తడిపి పెట్టింది. వేలు దూరే సందు ఒకటే, ఏండ్లుగా వాడని చక్రం కదిలిందీ లేదు. అందుకని ప్రతి ఏడూ బొట్టు ఒకేచోట పడింది.

"ఎన్ని దసరాలు, అత్తా?"

"ఏడో... ఎనిమిదో."

"మంచిగుండాలని పెడితివి, ఆ బొట్టే దాన్ని పడగొట్టె!" అని మంజుల గడప మీద నుంచి దొర్లింది. నవ్వి నవ్వి పార్వతమ్మకు దగ్గు వచ్చింది. హులిగమ్మ ముందు కోపం తెచ్చుకోవాలని చూసింది, కుదరలేదు, అందరికంటే ఎక్కువ తనే నవ్వింది. "తియ్యి మ్మే, మాదేవీ, తియ్యి. సామీ తప్పాయె" అని మిషన్‌కే చెంపలు వేసుకుంది.

తీయడం అంత సులువు కాలేదు. గోరు గట్టిగా పెడితే రబ్బరు పట్టీ ఊడొస్తుంది. నీళ్ళు ఎక్కువైతే కిందికి కారి మోటరులో పడతాయి. మహాదేవి తిరుపాల్ ఇచ్చిన పుల్లను నీళ్ళలో ముంచి, పిండి, గడ్డ మీద ఆనించి పట్టుకుంది. నాన్చడం, తుడవడం, మళ్ళీ నాన్చడం. దసరా తర్వాత దసరా కరిగి దూదికి అంటుకుంది. రెండో పుల్ల కూడా అయిపోయాక నల్లటి పట్టీ బయటపడి నున్నగా మెరిసింది. వేలు ఆనించి చుట్టూ తిప్పి చూసింది. ఎక్కడా తగల్లేదు. ఆరేదాకా ఆగుదామంటే ఎవరికీ ఓపిక లేదు. మంజుల విసనకర్ర తెచ్చి విసరసాగింది.

డిస్కు పెట్టారు. మహాదేవి మళ్ళీ నేల మీద తల ఆనించింది. అంచు కదలడం లేదు. గీత గీసినట్టు నిలబడి తిరుగుతోంది. ఆమె ఇంకా లేవలేదు, టీవీలో నుంచి తాళాల మోత వినపడింది. ఆ వెంటనే గోవిందన్న గొంతు. మాట ఉన్నప్పటి గొంతు.

పార్వతమ్మ నవ్వు ఆగిపోయింది. "ఆయప్పే" అంది.

తెర మీద పచ్చచీరల ఆడవాళ్ళు పన్నెండు మంది. నడుమ నల్ల మీసాలతో గోవిందన్న కోలలు తట్టుతూ పాడుతున్నాడు. గదిలో ఉన్నవాళ్ళు పదిమంది, గడప అవతల ఇంకో పదిమంది, రాఘవేంద్ర మగ్గం మీదికి ఎక్కి చూస్తున్నాడు. జడ అల్లడం వచ్చింది. అదంతా తమకు వచ్చినదే. "కానీ, కానీ" అంటున్నారు. జడ కిందికి దిగింది. పాట మారింది. ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ వెంటనే బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలి, ఒక్క చోట ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి జడ సగం విప్పేసి ఉంది.

గదిలో లేచిన కేకకు బయట కోళ్ళు చెదిరాయి.

"ఆడికే వచ్చి సస్తాది! సరిగ్గా ఆడికే!" అంది మంజుల.

ఈసారి మహాదేవి చేతులు ఆలోచించలేదు. డిస్కు తీసి వెలుతురుకు పట్టింది. ఒక చోట వేలిముద్రల జిడ్డు, సన్నటి గీతలు. సబ్బునీళ్ళలో ముంచింది. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె గుడ్డతో, గుండ్రంగా కాకుండా, నడుమ నుంచి అంచుకు నేరుగా తుడిచింది. గుండ్రంగా తుడిస్తే పడిన గీత డిస్కు మీద బొమ్మ రాసిన వరస వెంటే పోయి దాన్ని చెరుపుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిరిగేదాన్ని అడ్డంగా తుడవాలని ఊరికే తోచింది. ఆరబెట్టి మళ్ళీ పెట్టింది.

"అందురూ పన్నెండు మందిని సూడగాకండి" అంది. తన గొంతు ఇంత సేపు వినపడటం ఆమెకే వింతగా ఉంది. "ఒక్క ఎర్రతాడునే సూడండి. మంజులా, నువ్వు ఫోన్లో పట్టు."

జడ దిగింది. పాట మారింది. తిరిగారు. బొమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది, గళ్ళు మెరిశాయి, ఆగలేదు. ఎర్రతాడు పట్టుకున్న పొడుగాటి మనిషి వెనక్కి తిరిగి, ముందున్న మనిషిని దాటింది. మహాదేవి బటన్ నొక్కి వెనక్కి తెచ్చింది. మళ్ళీ చూసింది. మూడోసారి చూసింది. 

"తిరగకముందు ఆయమ్మ లోపలగా దాటింది. తిరిగినాక గూడా లోపలగానే దాటింది. అదే మనిసిని."

"మనం బయటగా పోతాండాం గదా" అంది మంజుల. "లోపల, బయట, లోపల, బయట. వరస తప్పగూడదని."

"అదే తప్పు. అత్తా, మగ్గం మీద పేక తప్పు పడితే ఆ అడ్డపోగు ఎట్ల తీస్తావు?"

హులిగమ్మ ఏదో చెప్పబోయి ఆగింది. ఆమె కాలు దానంతట అది, మగ్గం గుంటలో ఉన్నట్టు, నేలను తొక్కింది. "ఏ కర్ర తొక్కి ఏసినానో ఆ కర్రే మల్లా తొక్కి తీస్తా. ఇంకోటి తొక్కితే పోగు పోగు పెనవేసుకుంటాది..." కళ్ళు పెద్దవయ్యాయి. "ఓయమ్మా! ముప్పైయేండ్లాయె నేను మగ్గం తొక్కబట్టి! నాకు తట్టలే సూడు! సివర లోపలికి పోయినోళ్ళు మల్లా లోపలికే పోవాల! బయటికి పోయినోళ్ళు బయటికే! ఆ ఒక్క మారు! ఆ తర్వాతే వరస!"

"అయితే పా, పా, లెయ్యండి!" అని మంజుల అందరినీ లేపింది. వీధిలో వేప కొమ్మకు కడియం కట్టి ఉంది. అన్నాలు ఎవరూ తినలేదు. మొదటిసారి అలవాటు చొప్పున ముగ్గురు తప్పు పక్కకు పోయి చిక్కు పడింది. రెండోసారి ఒక్కరే తప్పారు. మూడోసారి మలుపు దగ్గర హులిగమ్మ "మల్లా అదే!" అని కేక వేసింది. జడ చివర నుంచి ఒక మెలిక వదిలింది. ఇంకో మెలిక. పన్నెండు మందీ పైకి చూస్తూ ఆడుతున్నారు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుతున్నారు, ఎవరికీ నొప్పి తెలియడం లేదు.

నాలుగు గంటలకు చౌడమ్మ దేవళం ముందర గోవిందన్నను కుర్చీలో తెచ్చి ముందు వరసలో దించారు. పార్వతమ్మ పక్కన నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. పందిరి దూలానికి కడియం కట్టి తాళ్ళు వదిలారు. జనం కిక్కిరిశారు. మైకులో పేరు పిలిచారు. మహాదేవి నీలంతాడు చుట్టుకుంది. అరచేతి చెమటకు తాడు తడిసింది.

జడ పడింది. నున్నగా, సన్నగా, పన్నెండు రంగులతో బారెడు జడ. చప్పట్లు మోగాయి. గోవిందన్న చప్పట్లు కొట్టలేదు, జడను కూడా చూడలేదు. ఆయన చూపు ఆడవాళ్ళ కాళ్ళ మీద ఉంది. పాట మారేదాకా అక్కడే ఉంది.

పాట మారింది.

మహాదేవి తిరిగింది. ఎదురుగా మంజుల. చివరగా ఆమెను లోపలగా దాటింది తనే. కాలు బయటికి పోవాలని ఆరాటపడింది. మూడు నెలల అలవాటు. ఆమె కాలిని లోపలికి వేసింది. కోలలు టక్కున కలిశాయి. మంజుల కళ్ళలో నవ్వు. ఆ పక్కన ఎవరో ఒక అడుగు తడబడి, సర్దుకుని, అందుకున్నారు. పైన మెలిక ఒకటి వదిలింది. తర్వాత ఇంకొకటి. పాట వేగం పెరిగింది, కాళ్ళ వేగం పెరిగింది, ఇక లెక్క పెట్టే అవసరం లేకపోయింది. ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క రంగు జడలో నుంచి బయటపడుతోంది. ఎవరో ఈల వేశారు. చివరి మెలిక జారిపోయి పన్నెండు తాళ్ళూ గొడుగులా విచ్చుకున్నప్పుడు జనంలో లేచిన అరుపుకు మైకు కూడా కీచుమంది.

మహాదేవి ఆయాసపడుతూ గోవిందన్న వైపు చూసింది. ఆయన నోరు ఒక పక్కకు వంగి నవ్వుతోంది. ఎడమ చెయ్యి కుర్చీ చెక్క మీద దరువు వేస్తోంది. పాట ఆగిపోయింది, ఆ చెయ్యి ఆగలేదు. టక టక్, టక టక్. అల్లే దరువు అది, మొదటిది.

హులిగమ్మకు అది అర్థమైంది. చెమట తుడుచుకుని కొంగు నడుముకు బిగించింది.

"మల్లా మొదట్నుంచి అంటాండాడు మ్మే, గురువు. పట్టుకోండి తాళ్ళు!"

"ఊపిరన్నా పీల్సుకోనీ, అక్కా!" అంది మంజుల, అప్పటికే తన తాడు అందుకుంటూ.